సుగంధ తైలాల పురుగుమందులు: ఎంతవరకు సురక్షితం

నిమ్మగడ్డి, లవంగం, పుదీనా, వాము, యూకలిప్టస్, రోజ్‌మేరీ వంటి మొక్కల ఆకుల్లో, మొగ్గల్లో, గింజల్లో ఉండి, ఆవిరి పడితే బయటికి వచ్చే ఘాటైన నూనెలను సుగంధ తైలాలు అంటారు. ఒక్కో తైలంలో పదుల కొద్దీ పదార్థాలుంటాయి. ఎక్కువ భాగం మోనోటెర్పీన్లు, వాటితోపాటు యూజెనాల్, థైమాల్ వంటి ఫినాల్ జాతి పదార్థాలు. ఆకు కొరికే పురుగును తరమడానికి, బూజును ఆపడానికి మొక్క వీటిని తనలో దాచుకుంటుంది. ఆ గుణాన్నే మనిషి పురుగుమందుగా వాడుకోవాలని చూస్తున్నాడు: చేలో పేనుబంక, నల్లి, తామర పురుగుల మీద, నిల్వ గదిలో ధాన్యపు పురుగుల మీద, ఇంట్లో దోమలు, బొద్దింకల మీద, కుక్కలను పట్టే గోమార్ల మీద.

ప్రాణాంతకమైన రసాయన మందులతో పోలిస్తే ఈ తైలాల్లో చాలావాటి విషగుణం నిజంగానే తక్కువ. అంతమాత్రాన మొక్క నుంచి వచ్చింది కాబట్టి హాని లేదనే ప్రచారాన్ని నమ్మడానికి లేదు. ఏ తైలం, ఎంత గాఢతలో, ఎవరి ఒంటికి, ఏ దారిన చేరిందన్నదాన్ని బట్టి భద్రత మారిపోతుంది. ఈ నాలుగూ చెప్పకుండా సీసా మీద ‘సహజం’ అని మాత్రం రాసి అమ్మడం కొనేవారికి చేసే అన్యాయం.

ఏవి ఈ కోవలోకి వస్తాయి, ఏవి రావు

వాడుకలో అన్నీ కలగాపులగమైపోయాయి కాబట్టి ముందు వీటిని విడదీయాలి. వేపనూనె సుగంధ తైలం కాదు. అది గింజను గానుగలో పిండి తీసే చమురు. అందులో పురుగును అదుపు చేసే ముఖ్య పదార్థం అజాడిరక్టిన్. తెలుగు రాష్ట్రాల్లో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు వాడే నీమాస్త్రం, దశపర్ణి కషాయం వంటివి ఆకులను నానబెట్టో ఉడికించో చేసుకునే ద్రావణాలు. అగ్నాస్త్రంలో మిరప, వెల్లుల్లితోపాటు పొగాకు కూడా పడుతుంది. పొగాకులోని నికోటిన్ మొక్క ఇచ్చిందే అయినా, ఎలుకల్లో దాని ప్రాణాంతక మోతాదు కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల దగ్గరే ఉంది. చాలా సుగంధ తైలాలకంటే అది ఎన్నో రెట్లు ప్రమాదకరం. కాబట్టి అగ్నాస్త్రం కలిపే రైతు కూడా చేతులకు తొడుగు, ముక్కుకు గుడ్డ లేకుండా పని చేయకూడదు.

ఎందుకింత ఆశ

ఈ తైలాల మీద ఆశ పుట్టడానికి కారణాలు చిన్నవి కావు. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతులు పురుగు ఉద్ధృతికి, మందుల అప్పులకు నలిగి, చివరకు ఆ పురుగుమందునే తాగి ప్రాణాలు తీసుకున్నారు. 2013లో బిహార్‌లోని గండామన్ గ్రామంలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు విషప్రభావంతో మరణించారు. ఎండోసల్ఫాన్ అనే మందును 2011లో సుప్రీంకోర్టు ఆపించాల్సి వచ్చింది. మరోవైపు ఖమ్మం ప్రాంతంలోని పునుకుల గ్రామం 2003 నాటికే పురుగుమందులు మానేసినట్టు ప్రకటించుకుని, వేరే దారి ఉందని చూపించింది. ఇంత చూసినవాళ్లు తక్కువ విషం ఉన్న మందు కోసం వెతకడం సహజం, అవసరం కూడా.

తైలం ఎలా వస్తుంది

నిమ్మగడ్డిని కోసి, కొన్ని గంటలు వాడనిచ్చి, పెద్ద తొట్టిలో కుక్కి, కింద నుంచి ఆవిరి పంపుతారు. గడ్డిలోని నూనెను మోసుకుంటూ పైకి వచ్చిన ఆవిరి, చన్నీళ్లలో మునిగిన గొట్టం గుండా పోతూ చల్లబడి ఒక పాత్రలోకి కారుతుంది. ఆ నీటి మీద లేత పసుపు రంగు నూనె తేలుతుంది. లవంగ నూనె అయితే నీటికన్నా బరువు కాబట్టి అడుగున చేరుతుంది. వంద కిలోల పచ్చి నిమ్మగడ్డికి దక్కేది సుమారు అరకిలో నూనె. ఎకరాకు రెండు వందల లీటర్ల నీటితో ఒక శాతం గాఢతలో కొట్టాలంటే రెండు లీటర్ల నూనె కావాలి. అంటే దాదాపు నాలుగు క్వింటాళ్ల గడ్డి. ఇంత ఖర్చు పెట్టి వరి, పత్తి మీద కొట్టడం ఎవరికీ గిట్టదు. అందుకే ఈ మందులు ఎక్కువగా గ్రీన్‌హౌస్ పంటలకు, పెరటి తోటలకు, ఇళ్లకు పరిమితమయ్యాయి.

వంటింట్లో వాడేదే కదా అన్న భరోసా దెబ్బతినేది ఈ గాఢత దగ్గరే. కూరలో వేసేది రెండు మూడు లవంగాలు. ఒక చెంచా లవంగ నూనెలో ముప్పై గ్రాములకు పైగా లవంగాల సారం ఉంటుంది. పలావులో లవంగం ఎవరికీ హాని చేయలేదన్న అనుభవం ఆ చెంచాకు వర్తించదు.

పురుగును ఎలా చంపుతుంది, మనిషిని ఎందుకు వదిలేస్తుంది

కీటకాల నాడీవ్యవస్థలో ఆక్టోపమైన్ అనే పదార్థం కీలకం. గుండె వేగం, కదలిక, ఎగరడం వంటివాటిని అది నడిపిస్తుంది. యూజెనాల్ వంటి తైల పదార్థాలు ఈ ఆక్టోపమైన్ గ్రాహకాలను చెడగొడతాయని ఎస్సామ్ ఈనాన్ అనే పరిశోధకుడు 2001లో చూపించాడు. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఆక్టోపమైన్‌కు అంతటి పాత్ర లేదు. పురుగు చస్తుంది, మనిషికి పెద్దగా ఏమీ కాదన్న వాదనకు ఇదే ఆధారం. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ముర్రే ఇస్మాన్ దశాబ్దాలపాటు చేసిన పరిశోధనలు, 2000, 2006 సంవత్సరాల్లో రాసిన సమీక్షలు ఈ ఆలోచనను శాస్త్రలోకంలో నిలబెట్టాయి.

అయితే దారి ఇది ఒక్కటే కాదు. థైమాల్ గాబా గ్రాహకాల మీద పనిచేస్తుంది. ఆ గ్రాహకాలు మన మెదడులోనూ ఉన్నాయి. కొన్ని టెర్పీన్లు మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గనోఫాస్ఫేట్ మందుల్లాగానే ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ ఎంజైమును, చాలా బలహీనంగానే అయినా, అడ్డుకుంటాయి. కాబట్టి ‘పురుగుకు మాత్రమే విషం’ అన్న మాట పూర్తి నిజం కాదు.

ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చిన పరీక్షల్లో సగం ఎలుకలు చనిపోయే మోతాదు, కిలో బరువుకు మిల్లీగ్రాముల్లో చూస్తే తేడా తెలుస్తుంది. మోనోక్రోటోఫాస్‌కు 14, క్లోర్‌పైరిఫాస్‌కు 135. థైమాల్‌కు 980, యూకలిప్టస్‌లోని సినియోల్‌కు 2,480, యూజెనాల్‌కు 2,680, నారింజ తొక్కలోని లిమోనీన్‌కు 4,400కు పైన. అంకె పెద్దదైన కొద్దీ విషం తక్కువ. ఈ వరుసను చూసి నిశ్చింతగా ఉండాలనిపిస్తుంది, కానీ ఇవి పెద్ద ఎలుకలకు చెందిన అంకెలు, అవీ మరణానికి సంబంధించినవి. కాలేయం దెబ్బతినడం, మూర్ఛ రావడం అంతకన్నా ఎంతో ముందే జరుగుతాయి.

పసిపిల్లలు

సుగంధ తైలాల వల్ల తీవ్రంగా నష్టపోయేది నడక నేర్చిన పిల్లలే. బ్రిటన్‌లో రెండేళ్ల బాలుడు 5 నుంచి 10 మిల్లీలీటర్ల లవంగ నూనె తాగిన ఘటనను అక్కడి వైద్యులు 1993లో ప్రచురించారు. ఆ బిడ్డ స్పృహ కోల్పోయాడు, రక్తంలో చక్కెర పడిపోయింది, కాలేయం దెబ్బతింది, చికిత్సతో బతికాడు. లెక్క వేసి చూస్తే భయం అర్థమవుతుంది. చెంచాడు లవంగ నూనెలో సుమారు నాలుగు గ్రాముల యూజెనాల్ ఉంటుంది. పది కిలోల పిల్లాడికి అది కిలోకు 400 మిల్లీగ్రాములు. ఎలుకల పట్టికలో ఇది ఏమంత పెద్ద మోతాదుగా కనిపించదు, కానీ ఆ బిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది ఇలాంటి మోతాదే.

కర్పూరం, నీలగిరి (యూకలిప్టస్) తైలం తెలుగు ఇళ్లలో మరీ చేరువగా ఉండేవి. జలుబు చేస్తే కర్పూరం, వాము మూటగట్టి మీద రెండు చుక్కల నీలగిరి తైలం వేసి పిల్లలకు వాసన చూపిస్తారు, ఛాతీకి రాస్తారు. పూజగదిలో కర్పూరం బిళ్ళలు పిల్లల చేతికందే ఎత్తులోనే ఉంటాయి. ఈ రెండూ మూర్ఛ తెప్పించగలవు. కర్పూరం మింగిన కొద్ది నిమిషాల్లోనే ఫిట్స్ మొదలుకావచ్చు. అమెరికాలో ఒంటికి రాసే మందుల్లో కర్పూరం 11 శాతం మించకూడదని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన పెట్టింది. బెంగళూరు వైద్యుల బృందం దక్షిణ భారత ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనంలో, యూకలిప్టస్, కర్పూరం ఉన్న నూనెలు, బామ్‌లు వాడిన పెద్దవాళ్లలోనూ మూర్ఛ కనిపించింది. దోమలు పోతాయని పసిబిడ్డ పక్కన గదంతా కర్పూరం ఆవిరితో నింపడం మాత్రం ఎవరూ చేయకూడదు.

వేపనూనె ఈ కోవకు చెందకపోయినా ఒక మాట చెప్పాలి. మలేషియాలో పసిపిల్లలకు చిన్న చిన్న జబ్బులకు వేపనూనె తాగించగా కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రేయీ సిండ్రోమ్‌ను పోలిన తీవ్రస్థితి వచ్చిన కేసులు 1981లో వైద్య పత్రికల్లో వెలువడ్డాయి. చేనుకు మేలు చేసే వేప, పసివాడి నోట్లో ప్రమాదం.

వస కొమ్ము సంగతీ అంతే. పసిపిల్లల నాలుకకు వస అరగదీసి రాయడం మన ఇళ్లలో పాత అలవాటు. వస తైలం ధాన్యపు పురుగుల మీద గట్టిగా పనిచేస్తుంది కాబట్టి పరిశోధకులు దాన్ని చాలాకాలంగా పరీక్షిస్తున్నారు. భారతదేశంలో దొరికే వసలో బీటా-అసారోన్ అనే పదార్థం చాలా ఎక్కువ. జంతువుల్లో అది క్యాన్సర్ కలిగించింది. ఆ కారణంగానే అమెరికా 1968లో ఆహారంలో వస వాడకాన్ని నిషేధించింది. అలాంటి తైలాన్ని మనం తినే బియ్యం బస్తాకు పట్టించాలన్న ప్రతిపాదన ఎంత బాగా పురుగును చంపినా ఒప్పుకోదగ్గది కాదు.

తైలాలన్నీ ఒక్కటి కావు

పెన్నీరాయల్ అనే పుదీనా జాతి మొక్క తైలం ఇందుకు పెద్ద ఉదాహరణ. అందులోని పులిగోన్ కాలేయంలోకి వెళ్లి మెంతోఫ్యూరాన్‌గా మారి కాలేయ కణాలను చంపుతుంది. 1978లో అమెరికాలోని కొలరాడోలో ఈ తైలం తాగిన ఒక యువతి మరణించింది. ఒంటిని పట్టిన పురుగులను పోగొట్టేందుకు కుక్కకు ఈ తైలం పట్టించగా కుక్క చనిపోయిన సంగతి కూడా పశువైద్య పత్రికల్లో నమోదైంది. కొన్ని రకాల తులసిలో ఉండే మిథైల్ యూజెనాల్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో పెట్టింది. మిథైల్ యూజెనాల్, పులిగోన్ రెండింటినీ కృత్రిమ రుచి పదార్థాలుగా వాడేందుకు ఇచ్చిన అనుమతిని ఎఫ్‌డీఏ 2018లో వెనక్కి తీసుకుంది.

పైగా ఒకే మొక్క తైలమైనా రుతువును బట్టి, నేలను బట్టి, రకాన్ని బట్టి మారుతుంది. ‘తులసి తైలం’ అని రాసినంత మాత్రాన లోపల ఏముందో తెలియదు. గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్ష చేసి, ఏ పదార్థం ఎంత శాతమో చెప్పిన తైలం గురించే భద్రత మాట్లాడగలం.

చర్మం విషయంలో నిల్వ కూడా ముఖ్యం. లిమోనీన్, లినలూల్ గాలి తగిలి పాతబడితే హైడ్రోపెరాక్సైడ్లుగా మారతాయి; తాజా నూనెకంటే ఇవి చర్మానికి ఎంతో ఎక్కువ ఎలర్జీ తెస్తాయి. మూత వదులైన సీసాలో నెలల తరబడి ఉన్న నూనెను ఒంటికి రాసుకోకూడదు. మరో సంగతి, నారింజ నూనె ఆవిరి సుమారు 48 డిగ్రీల దగ్గర నిప్పు తగిలితే అంటుకుంటుంది. రెంటచింతలలో, ఖమ్మంలో ఎండ 45 డిగ్రీలు దాటే మే నెలలో రేకుల షెడ్డు లోపల ఆ వేడి రావడం కష్టమేమీ కాదు.

పశువులు, చేపలు, తేనెటీగలు

పిల్లులకు ఈ తైలాలు ఎక్కువ హాని చేస్తాయి. ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటికి పంపే గ్లూకురోనిడేషన్ శక్తి పిల్లి కాలేయానికి బాగా తక్కువ. 2002-2012 మధ్య అమెరికాలో కుక్కలు, పిల్లులకు శుద్ధమైన టీ ట్రీ నూనె తగిలిన 443 కేసులను ఒక అధ్యయనం పరిశీలించింది. వణుకు, తూలుడు, లాలాజలం కారడం ఎక్కువగా కనిపించాయి. వీటిలో చాలావరకు యజమానులు ప్రేమతో రాసినవే.

చేపల సంగతిలో లెక్క తైలాల వైపే మొగ్గుతుంది. రెయిన్‌బో ట్రౌట్ చేపపిల్లలకు యూజెనాల్ విషగుణం, అజిన్‌ఫాస్ మిథైల్ అనే ఆర్గనోఫాస్ఫేట్‌తో పోలిస్తే సుమారు 15,000 రెట్లు, పైరెత్రమ్ అనే పురుగుమందుతో పోలిస్తే 1,500 రెట్లు తక్కువ. అయినా చేపలకు మత్తు ఇవ్వడానికి లవంగ నూనెనే వాడతారని గుర్తుంచుకుంటే, మిగిలిన మందును చెరువులో పారబోయాలని ఎవరికీ అనిపించదు. నేలలో ఇవి ఎక్కువ కాలం ఉండవు. యూజెనాల్‌ను మట్టిలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. మిగతా చాలావాటిలో అధిక భాగం రెండు మూడు రోజుల్లో ఎగిరిపోతుంది లేదా విరిగిపోతుంది. కోతకు కొద్ది రోజుల ముందు కొట్టినా కాయల మీద అవశేషం పెద్దగా ఉండకపోవడం ఈ తైలాల అసలు బలం.

తేనెపట్టులో వర్రోవా నల్లిని చంపడానికి తేనెటీగల పెంపకందారులు థైమాల్‌ను వాడతారు. మోతాదు మించితే అదే థైమాల్ ఈగలను పట్టు నుంచి తరిమేస్తుంది. పువ్వు మీద వాలిన ఈగ మీద నేరుగా పిచికారీ పడితే చాలా తైలాలు దాన్ని చంపుతాయి. సాయంత్రం, ఈగలు గూటికి చేరాక కొట్టాలన్న నియమం ఇక్కడా తప్పదు. పంటకూ ప్రమాదముంది: లవంగ నూనెను కొన్ని దేశాల్లో కలుపు మందుగా అమ్ముతారు. గాఢత పెరిగితే పురుగుతోపాటు మొక్క ఆకులూ మాడతాయి. ముందు నాలుగైదు మొక్కల మీద కొట్టి, రెండు రోజులు ఆగి చూడాలి.

సీసాలో ఫలితం, గోదాములో ఫలితం

ధాన్యపు పురుగుల మీద వెలువడిన పరిశోధన పత్రాల్లో పరీక్ష దాదాపు ఒకేలా ఉంటుంది. చిన్న గాజు సీసాలో ఇరవై ముక్కు పురుగులను వేస్తారు. మూత లోపలివైపు వడపోత కాగితం ముక్క అతికించి, దాని మీద కొన్ని మైక్రోలీటర్ల తైలం వేసి, బిగుతుగా మూస్తారు. మర్నాటికి పురుగులన్నీ వెల్లకిలా పడి ఉంటాయి. గోదాములో అలా జరగదు. బస్తాలో గింజలు తైలపు ఆవిరిని పీల్చుకుంటాయి, లోపలి పొరల దాకా అది చేరదు, సందుల్లోంచి బయటికి పోతుంది. చేరేలా మోతాదు పెంచితే బియ్యానికి వాసన పడుతుంది. ఇప్పుడు వాడుతున్న ఫాస్ఫీన్ వాయువు మనుషులను కూడా చంపే విషం. అందుకే దానికి బదులు కావాలన్న తపనలో న్యాయముంది, కానీ సీసాలో వచ్చిన ఫలితాన్ని గోదాముకు వర్తింపజేయడానికి లేదు.

దోమల విషయంలో పనిచేయకపోవడమే ఒక ప్రమాదం. 2002లో మార్క్ ఫ్రాడిన్, జొనాథన్ డే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన పరీక్షలో 23.8 శాతం డీట్ అనే రసాయనం ఉన్న మందు సగటున 5 గంటలు దోమను ఆపింది. సిట్రొనెల్లా ఉన్నవి 20 నిమిషాలు కూడా ఆపలేదు. డెంగీ కాలంలో పిల్లాడి చేతికి సిట్రొనెల్లా పట్టీ కట్టి బడికి పంపితే, బడి గంట కొట్టేలోపే దాని రక్షణ అయిపోయినట్టే. మొక్కల నుంచి వచ్చినవాటిలో గట్టిగా నిలిచింది లెమన్ యూకలిప్టస్ నుంచి శుద్ధి చేసి తీసే పీఎండీ అనే పదార్థం. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2005 నుంచి దాన్ని సిఫారసు చేస్తోంది, మూడేళ్లలోపు పిల్లలకు మాత్రం వద్దంటుంది. అదే మొక్క నుంచి తీసిన మామూలు సుగంధ తైలానికి ఈ సిఫారసు లేదు.

చట్టం, లేబుల్

అమెరికా 1996లో లవంగ, నిమ్మగడ్డి, సిట్రొనెల్లా, పుదీనా, రోజ్‌మేరీ వంటి తైలాలను అతి తక్కువ ప్రమాదం ఉన్నవాటిగా గుర్తించి, వాటితో చేసిన పురుగుమందులకు కేంద్ర స్థాయి రిజిస్ట్రేషన్ అక్కర్లేదంది. దానివల్ల చిన్న సంస్థలకు మార్కెట్లోకి దారి దొరికింది. పనిచేస్తుందని ముందే రుజువు చూపాల్సిన అవసరం పోవడంతో పనికిరానివీ వచ్చిపడ్డాయి. భారతదేశంలో 1968 నాటి కీటకనాశినుల చట్టం కింద ఫరీదాబాద్‌లోని కేంద్ర కీటకనాశినుల బోర్డు, రిజిస్ట్రేషన్ కమిటీ ద్వారా రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. వేప మందులు ఆ దారిలోనే వచ్చాయి. దోమలను తరిమే రోల్-ఆన్‌లు, పట్టీలు కొన్ని ఆయుర్వేద లైసెన్సుతో అమ్ముడవుతాయి. వాటి మీద ఎన్ని నిమిషాలు పనిచేస్తుందో, ఏ వయసు పిల్లలకు వాడకూడదో చాలాసార్లు ఉండదు.

తెలుగు రాష్ట్రాల్లో రైతుకు ఇంతకన్నా పెద్ద ముప్పు కల్తీ. ‘బయో’ పేరుతో అమ్మే సీసాల్లో రసాయన పురుగుమందులు కలిపి పట్టుబడిన ఘటనలు ఎన్నో. మొక్కల మందే కదా అని తొడుగు లేకుండా కలిపే రైతుకు లోపలున్న విషం సంగతి తెలియదు. ‘హెర్బల్’ అని రాసి కిరాణా కొట్లలో అమ్మే దోమల అగరుబత్తుల్లో అనుమతి లేని పైరెత్రాయిడ్లు బయటపడ్డాయి. సీసా మీద రిజిస్ట్రేషన్ నంబరు, పదార్థాల పేర్లు, వాటి శాతాలు లేకపోతే అది ఎంత చవకగా వచ్చినా కొనకపోవడం మంచిది. తైలాలను నానో బిందువులుగా మార్చి పురుగు మీద ఎక్కువసేపు నిలిచేలా చేసే ప్రయత్నాలు ఇప్పుడు జోరుగా సాగుతున్నాయి. ఆ రూపంలో అవి చర్మం లోపలికీ ఊపిరితిత్తుల్లోకీ ఎంత చేరతాయో మళ్లీ విడిగా పరీక్షించాలి. పాత తైలానికి ఉన్న మంచిపేరు కొత్త రూపానికి చెల్లదు.

ప్రమాదం జరిగితే

తైలం మింగిన బిడ్డకు వాంతి చేయించకూడదు. పైకి వచ్చిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది, అది మింగినదానికన్నా ప్రమాదం కావచ్చు. పాలు, ఉప్పునీళ్లు, నూనె తాగించవద్దు. కర్పూరం, నీలగిరి తైలం అయితే ఏ నిమిషంలోనైనా ఫిట్స్ రావచ్చు కాబట్టి బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సీసాను, దాని లేబుల్‌ను వెంట తీసుకెళ్లాలి. ఎంత మిగిలిందో చూసి ఎంత లోపలికి పోయిందో వైద్యుడు అంచనా వేస్తాడు. కంట్లో పడితే పావుగంట సేపు మంచినీటితో కడగాలి. చర్మం మీద పడితే నూనె నీటికి వదలదు కాబట్టి సబ్బు పెట్టి కడగాలి. తడిసిన బట్టలు విప్పేసి, విడిగా ఉతకాలి.